నాలుగు నిజాల కార్డు

నా చిన్నప్పుడు మా జేజిని ఒకసారి నేనే చంపినాను. కత్తీ కటారీ ఏమీ వాడలేదు, ఒక్క పోస్టుకార్డు సరిపోయింది. జేజి అంటే మా నాయన తల్లి. అమ్మ పొద్దస్తమానం చేనులో ఉంటే మమ్మల్ని పెంచింది ఆమే. అందులోనూ మా అన్నకు ఆమె ఒడి తప్ప వేరే ఇల్లు తెలియదు.

మాది మైదుకూరు దాటినాక కర్నూలు రోడ్డుకు కొంచెం లోపలగా ఉండే పల్లె. బడికి ఒకే గది, ఐదు తరగతులకూ ఒకే అయివారు. పక్క ఊర్ల అయివార్లు ఎక్కాలు వల్లె వేయించి చేతులు దులుపుకుంటే, మా అయివారికి మాత్రం ఒక పిచ్చి ఉండేది. పిల్లలు సొంతంగా రాయాలి! అందుకు ఆయన ఒక పద్ధతి పెట్టినాడు. ఎడమచెయ్యి పిడికిలి బిగించి, ఎవరో చెప్పి బొటనవేలు తెరవాల. ఏం చేసినారో చెప్పి చూపుడువేలు, ఎక్కడికో చెప్పి నడిమివేలు, ఎందుకో చెప్పి ఉంగరపువేలు, ఆ తర్వాత ఏమో చెప్పి చిటికెనవేలు. ఐదు వేళ్లూ తెరుచుకున్నాకే కలం పట్టాల. రాసింది పక్కవాళ్లకిచ్చి చదివించి, వాళ్లు చదువుతున్నంతసేపూ వాళ్ల ముఖం చూడాల. ముఖం తికమక పడిందంటే మళ్లా మొదలు.

నాకు ఇదంతా బుర్ర తక్కువోళ్లు చేసే పనిలా కనపడేది. మూడో తరగతికే నా నోటికి ఊర్లో పెద్దోళ్లు కూడా తప్పుకొని నడిచేవాళ్లు. అంత నోరున్నోనికి వేళ్లతో పనేమి?

ఆ ఏడు అన్న కర్నూలు హాస్టల్లో ఉండి ఎస్సెస్సెల్సీ పరీక్షకు కూర్చుంటున్నాడు. మా వంశంలో అంతదూరం పోయిన మొదటి మనిషి. ఈసారి తప్పితే వచ్చి చేనులో మడక పట్టి దున్నుకోవాల్సిందే, రెండోసారి చదివించే శక్తి నాకు లేదని నాయన ముందే చెప్పినాడు. సరిగ్గా ఆ పరీక్షల ముందు అయివారు తలా ఒక కార్డు ఇచ్చి, దూరాన ఉండే ఒక మనిషికి ఇంట్లో జరిగిన ఒక సంగతి రాసుకొని రమ్మన్నాడు. బడిలో పక్కవాళ్లతో చదివించినాకే టపా డబ్బాలో వెయ్యాలని గట్టిగా చెప్పినాడు. నేను రాత్రికి రాత్రే అన్నకు రాసి, పొద్దున బడికి వస్తా వస్తా డబ్బాలో వేసేసినాను. అందరికంటే ముందు నా కార్డే పోయిందని బడిలో చాటింపు వేసుకున్నాను కూడా.

అయివారు అదే సంగతి పలక మీద మళ్లా రాసి పక్కనున్న పిల్లకు ఇమ్మన్నాడు. కుమ్మరోళ్ల పిల్ల అది, నెమ్మదిగా కూడబలుక్కొని చదివింది.

“అన్నకు. జేజి నిన్న పోయింది. నలుగురు మోసినారు. అందరం ఏడిస్తిమి. నాయన నీకు చెప్పొద్దన్నాడు.”

చదివి, నా దిక్కు చూసి, కింది పెదవి వణికించింది. “మీ జేజి సచ్చిపోయిందా?”

“థూ, నీ నోట్లో మన్ను పడ! సచ్చేదేమే? కమలాపురం పోయింది!”

బడంతా గొల్లుమనింది. నేనూ నవ్వినాను. నాలుగూ నిజాలే కదా. కమలాపురంలో మా అత్తకు కాన్పు రోజులని జేజి బయలుదేరింది. మోకాళ్ల నొప్పులతో బండెక్కలేకపోతే నలుగురు మంచంతో సహా ఎత్తిపెట్టినారు. ఇంక నాకు చాటుగా బెల్లం పెట్టేదెవరని నేను ఏడిస్తే, నన్ను చూసి చెల్లెళ్లు ఏడ్చినారు. పరీక్షలప్పుడు వానికి ఇంటి సంగతులెందుకని నాయన అన్నదీ నిజమే.

అయివారు ఒక్కడే నవ్వలేదు.

“పరీక్ష ఎప్పుడురా మీ అన్నకు?”

“ఎల్లుండి అయివారూ.”

“కార్డు రేపు చేరుతాది. రేపే బస్సెక్కి ఇంటికొస్తాడు.” ఆ మాట అంటూనే ఆయన నా రెక్క పట్టుకున్నాడు. పలక నా చేతిలోనే ఉంది. ఇద్దరం రోడ్డుకు పరుగు.

మేము పోయేసరికి టపా మోసే మనిషి సంచి మూతి కట్టి, లక్క ముద్ర వేసుకొని, కర్నూలు బస్సు కోసం నిలబడి ఉన్నాడు. అయివారు బతిమాలినాడు. ఆయప్ప సంచిని ఎదకు హత్తుకొని, సీలు పడినాక ఇప్పితే నా ఉద్యోగం పోతాదప్పా అని తల అడ్డంగా తిప్పినాడు. దూరాన దుమ్ము లేచింది. బస్సు.

అయివారు జేబులోంచి కొత్త కార్డు తీసి నాకిచ్చినాడు. మీరే రాయండని ఏడ్చినాను.

“నేను రాస్తే నమ్మడు. పెద్దోళ్లు సావు దాచిపెడతాండారనుకుంటాడు. నీ రాతే కావాల. వేళ్లు ముయ్యి.”

అని, ఆ మనిషి రోడ్డు పక్కన నడుం వంచి నిలబడినాడు. ఆయన వీపు మీద పలక, పలక మీద కార్డు. నా ఎడమచెయ్యి ఒక్కో వేలూ తెరిచింది. “అన్నా, జేజి బతికుండాది. అత్త కాన్పుకని కమలాపురం పోయింది. మోకాళ్ల నొప్పికి మంచంతో ఎత్తి బండెక్కిచ్చినారు. నెల దాటినాక వస్తాది. నేను రాసిన ఇంకో కార్డు చదివి ఏడ్చొద్దు. పరీక్ష విడిచిపెట్టి రావద్దు.”

బస్సు వచ్చి నిలబడింది. టపా సంచి ఎక్కింది. చావు కబురు తెచ్చిన కార్డును మా పక్క గడప బయటే చదివి చించేస్తారు. మంచి కబురైతే నాలుగు మూలలా పసుపు పూసి పంపుతారు. కడప మార్కెట్టుకు పసుపు బస్తాలు తోలుకుపోయే బండ్లు అక్కడే చెట్టుకింద ఆగి ఉంటే, అయివారు ఒక కొమ్ము అడుక్కొని, నీళ్లు చిలకరించి పలక వెనక అరగదీసి మూలలకు పూసినాడు. డ్రైవరు హారను మీద హారను.

“పెండ్లెవరిది అయివారూ?” అన్నాడు కండక్టరు.

“పెండ్లి కాదప్పా, అంతకన్నా పెద్దది. ఒక ముసలామె బతికుండాది. ఈ కార్డు ఈ సాయంత్రమే హాస్టల్లో పిల్లోని చేతికియ్యాల. ముందు నువ్వొకసారి చదువు.” అంత తొందరలోనూ నా గడ్డం పట్టి పైకెత్తి, “ఆయప్ప ముఖం చూడు” అన్నాడు.

కండక్టరు పెదవులు కదిపి చదివినాడు. కనుబొమలు ఒకసారి ముడిపడి, విడిపోయినాయి. ఆకువక్కతో ఎర్రబడిన పండ్లు బయటపెట్టి నవ్వి, కార్డు కండ్లకద్దుకొని లోపలి జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం అయివారే ఇంటికొచ్చి నాయనతో చెప్పినాడు. నాయన నన్ను కొట్టలేదు. కొట్టింటే బాగుండేది. మరునాడంతా రోడ్డు మీదే నిలబడి, కర్నూలు దిక్కునుంచి వచ్చే ప్రతి బస్సులో దిగేవాళ్లను చూసినాడు. నేను ఆయన పక్కన నిలబడినాను. ఆఖరి బస్సులోంచి పెట్టె పట్టుకొని ఒక సన్నటి మనిషి దిగితే నాయన చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది. దిగింది వేరే ఊరి మనిషి.

పరీక్షలయినాక అన్న వచ్చినాడు. పాసయినాడు కూడా. నా రెండో కార్డు ముందు అందిందంట, మొదటిది మరునాడు. ఏమి కొంప మునిగిందో తెలియకముందే మునగలేదని కబురు చేరిందన్నమాట. నేను పగలబడి నవ్వినాను. అన్న నవ్వలేదు.

“జేజి బతికుండాదని నాకు తెలుసురా. అయినా ఆ ‘పోయింది’ కాడ వరండాలో కూలబడిపోయినా. లేపేటోళ్లు కూడా లేరు.”

ఐదో తరగతితో నేను బడి మానేసినాను. నాకా అయివారికా, ఎవరికి ఎక్కువ సంతోషమయిందో చెప్పడం కష్టం. తర్వాత ఎన్ని జాబులు రాసినానో లెక్క లేదు, ఊరందరికీ రాసిపెట్టినాను. ఆ హాస్టలును నేను ఈ పొద్దు వరకూ చూడలేదు. కానీ ఎవరికి ఏం రాయబోయినా మొదటి మాటకు ముందు ఆ వరండా కనపడుతుంది. అక్కడ ఒక మనిషి నా కాగితం చేత పట్టుకొని ఒంటరిగా నిలబడి ఉంటాడు. ఆయనను కూలబడనీకుండా నెమ్మదిగా కూర్చోబెట్టే మాట దొరికేదాకా నా కలం కదలదు.