పక్క టేబుల్ మీది కీబోర్డు

"అది కీబోర్డు కాదు తమ్ముడూ, పగిలిన పళ్లెం. నడిమికి పటుక్కున విరిచి, రెండు ముక్కల మధ్య ఒక వైరు కట్టి, మా ఇంట్లో ఫ్రిజ్ కంటే ఎక్కువ ధరకి అమ్మేశారు. కొనడానికి ఒకర్తి దొరకాలి కదా. దొరికింది, మన అబర్డీన్ బజార్లోనే."

జ్ఞానవతక్క ఈ మాటలు గొంతు తగ్గించకుండానే అంది. ఆ ఒకర్తి అప్పుడు పక్కన లేదు మరి. శనివారం మధ్యాహ్నం. ఆ టైపింగ్ షాపులో ఉన్నవి రెండే టేబుళ్లు, ఒకటి అక్కది, ఒకటి క్యారొలిన్‌ది. క్యారొలిన్ ఒంటిగంట ఫెర్రీకే అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌లో తన ఇంటికి వెళ్లిపోయింది. పోతూ పోతూ ఆ కీబోర్డుని కూడా మెత్తటి సంచిలో పెట్టుకుపోయింది. ఆ టేబుల్ మీద దుమ్ము పట్టని రెండు మచ్చలు, వాటి మధ్య ఎడం మిగిలాయి. అక్క వాటినే చూస్తూ మాట్లాడుతోంది.

నేను వెళ్లింది ఈ దీవుల వాళ్లకిచ్చే ఐలాండర్ కార్డుకి అప్లికేషన్ టైపు చేయించుకోవడానికి. ఆవిడ కుడి మణికట్టుకి కట్టిన పట్టీ చూసి, నొప్పి ఎలా ఉందక్కా అని అడిగాను. మా ఇల్లూ బాంబూఫ్లాట్‌లోనే, నా ఫెర్రీ నాలుగింటికి. వినడానికి కావలసినంత టైముంది.

జ్ఞానవతక్క పుట్టింది, పెరిగింది ఈ ఊళ్లోనే, లంబాలైన్‌లో. చదివింది హిందీ మీడియం. తెలుగు అక్షరాలు బళ్లో నేర్చుకోలేదు, వాళ్లమ్మ ఒళ్లో కూర్చుని పాటల పుస్తకంలో నేర్చుకుంది. టైపు కూడా అంతే, ఎవరూ నేర్పలేదు. షాపుకి మొదటి కంప్యూటర్ వచ్చినప్పుడు, పాత చర్చి క్యాలెండర్లోంచి తెలుగు అక్షరాలు చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి బటన్ల మీద గమ్ముతో అంటించుకుంది. చెమటకి అవి ఊడి వేళ్లకి అంటుకునేవట. "సాయంత్రం ఇంటికెళ్లి అన్నం కలిపితే ముద్దలో ‘ఖ’ వచ్చింది ఒకసారి" అని నవ్వింది. ముక్కలన్నీ రాలిపోయేసరికి వేళ్లకి దారి తెలిసిపోయింది.

ఆ వేళ్లతోనే ఇరవై రెండేళ్లుగా వాళ్ల చర్చి పాటల పుస్తకం టైపు చేస్తోంది. ఏటా వార్షికోత్సవానికి అరవై పాటలు. ఎడం పేజీలో తెలుగు, కుడి పేజీలో అదే పాట హిందీ అక్షరాల్లో. ఇక్కడి పిల్లలు తెలుగులో గొంతెత్తి పాడతారు కానీ తెలుగు చదవలేరు. ఎదురు పేజీ లేకపోతే సగం చర్చి నోరు మూసుకుని నిలబడుతుంది. ఆఖరి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ‘టైపు: జ్ఞానవతి’ అని ఉంటుంది. అది ఎవరూ చదవరంటుంది అక్క. అలా అంటూనే సొరుగులోంచి నాలుగేళ్ల పుస్తకాలు తీసి ఆ ఆఖరి పేజీలే నాకు చూపించింది.

ఈ ఏడు ఆ పేరుకే ముప్పు వచ్చింది. చెయ్యి లాగేస్తోంది, ఆదివారం పాటల కాగితాలు రెండుసార్లు ఆలస్యమయ్యాయి. గురువారం పాస్టర్ శామ్సన్ గారు షాపుకొచ్చి, టీ తాగి, వాతావరణం గురించి మాట్లాడి, లేవబోతూ మెల్లిగా అన్నారట: ఈసారి పుస్తకం క్యారొలిన్ చేస్తుందిలేమ్మా, మీరు చేతికి విశ్రాంతివ్వండి. వార్షికోత్సవానికి ఇంకా ఐదు వారాలున్నాయి. ఆదివారం ఆరాధన అయ్యాక చెప్తానని అక్క గడువు అడిగింది. ఆదివారమంటే రేపే.

"క్యారొలిన్‌కి తెలుగు టైపు నేర్పిందెవరు? నేను. ప్లస్ టూ అయి వచ్చింది, ‘క’ ఎక్కడుందో తెలీదు. ఇదిగో ఈ స్టూలు మీద కూర్చోబెట్టి నేర్పాను. ఇప్పుడు దాని చెయ్యి బాగుంది, నా చెయ్యి పోయింది. ఎందుకూ అంటే దాని తమ్ముడు ఫ్రెడ్డీ చెన్నై నుంచి షిప్పులో పళ్లెం ముక్కలు తెచ్చాడు."

ఆ కీబోర్డు మీద అక్షరాలు కూడా లేవట, బటన్లన్నీ నల్లగా బోడిగా ఉంటాయట. పనుల మీద వచ్చినవాళ్లు దాని చుట్టూ మూగుతారు. ఇరవై ఏళ్లుగా అక్క దగ్గరే అప్లికేషన్లు కొట్టించుకున్నవాళ్లు కూడా "యే క్యా హై దీదీ" అంటూ, ఇదేమిటో చూద్దామని ఆ టేబుల్ దగ్గరే ఆగిపోతారు. ఆగిపోయాక పని కూడా అక్కడే చేయించుకుంటారు. అది పర్లేదంది అక్క. ఆవిడకి సహించనిది వేరే ఉంది.

"దాని భుజాలు చూశావా ఎప్పుడైనా? ఒక చెయ్యి ఇటు, ఒక చెయ్యి అటు, మధ్యలో టీ గ్లాసు. ఉయ్యాల్లో కూర్చున్నట్టు కూర్చుంటుంది. నేనేమో పక్కనే చలేసినదాన్లా ముడుచుకుని. ఆ భుజాలు చూస్తే నాకు ఒళ్లు మండిపోద్ది."

అంత మంచిదైతే ఒకసారి వాడి చూడకపోయావా అన్నాను. అక్క అప్లికేషన్లో మా నాన్న పేరు రెండుసార్లు సరిచూసింది. తర్వాత చెప్పింది.

బుధవారం క్యారొలిన్ భోజనానికి వెళ్లినప్పుడు లేచి ఆ కుర్చీలో కూర్చుందట. దొంగతనానికి వచ్చినట్టు మెట్ల వైపు ఒక కన్నేసి ఉంచింది. బోడి బటన్లు ఆవిడకి లెక్క కాదు, వేళ్లకి దారి తెలుసు. ‘స్తోత్రము’ వచ్చేసింది. తర్వాత ‘దేవా’ అని కొట్టబోయింది. ‘దే’ పడింది. ‘వ’ కోసం కుడి చూపుడువేలు వెళ్లింది, వెళ్లి టేబుల్ చెక్కకి తగిలింది.

ఆ బటన్ మామూలు కీబోర్డులో దాదాపు నడిమధ్యన ఉంటుంది, ఏ చెయ్యైనా అందుకుంటుంది. ఇక్కడది ఎడం ముక్కతో పోయింది. అక్క ఎప్పుడూ దాన్ని కుడిచేత్తోనే కొట్టేది. ఎందుకంటే ఎడంచెయ్యి సగంసేపు, చూసి కొట్టడానికి పక్కన తెరిచి పెట్టుకున్న వాళ్లమ్మ పాటల నోట్‌బుక్ మీదే ఉండేది, ఫ్యాను గాలికి పేజీ ఎగరకుండా. నడుమ ఉన్న బటన్లన్నిటికీ కుడిచెయ్యే పరిగెత్తేది. ఆ మణికట్టు ఎందుకు పోయిందో నాకప్పుడు అర్థమైంది. ఆవిడకి బుధవారమే అర్థమైనట్టుంది.

"చర్చి పాటల్లో ‘వ’ లేని లైను చెప్పు చూద్దాం" అంది. దేవా, ప్రభువా, జీవము, నీవే. ఒక్కో చోట వేలు చెక్కకి తగిలింది. ఐదోసారికి కోపమొచ్చి రెండు ముక్కల్నీ దగ్గరికి లాగి, ఒకదానికొకటి ఆనించేసింది. అప్పుడు పాట గడగడా వచ్చింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు విని లైను చెరిపేసి, తన కుర్చీలోకి గెంతింది.

ముక్కల్ని మళ్లీ విడదీయడం మర్చిపోయింది.

క్యారొలిన్ వచ్చి కూర్చుంది. అంటుకుపోయి ఉన్న కీబోర్డుని చూసింది. దేని చోటికి దాన్ని జరిపింది. ఒక అఫిడవిట్ మొత్తం కొట్టింది. అప్పుడు తల తిప్పకుండానే అందట:

"‘వ’ దగ్గర ఆగిపోయావా అక్కా? నేనూ నెలరోజులు అక్కడే ఆగాను. నాకు నేర్పింది నువ్వే కదా."

కాగితం మీద ఎడంచెయ్యి పెట్టుకోవడంతో సహా అంతా అక్క దగ్గరే నేర్చుకుంది క్యారొలిన్. ఆ అలవాటు మానుకోవడానికి చచ్చేంత పనైందని చెప్పిందట. మొదటి నెల స్పీడు సగానికి పడిపోయి ఫెర్రీలో ఏడ్చేదట. రెండో నెలకి చెయ్యి తేలికపడింది. నాకూ నీలాగే మణికట్టు నొప్పి ఉండేది, అది మొత్తం దీనివల్లే పోలేదక్కా, కుర్చీ ఎత్తు తగ్గించాక సగం పోయింది, దానికి పైసా ఖర్చు లేదు అని కూడా అంది. నా పాత కీబోర్డు ఉంది, నేను దానితో నెట్టుకొస్తాను, ఇది నువ్వొక నెల వాడి చూడు అని కూడా అంది.

నువ్వేమన్నావని అడిగాను.

"నాకు అక్కర్లేదన్నాను. అది టాయిలెట్‌కి వెళ్లగానే నా కుర్చీ మీద దిండు మాత్రం తీసేశాను." మణికట్టు పట్టీ బిగించుకుని, "కీబోర్డు మీద కాదు తమ్ముడూ నా ఏడుపు. నేను నేర్పిన అలవాటు నా చేతిలోంచి పోవట్లేదు. దాని చేతిలోంచి పోయింది. ఎలా పోయింది దానికి?"

ఐదు వారాల్లో అరవై పాటలు, రెండేసి పేజీలు. అందులో నెలంతా సగం స్పీడేనా అని అడిగాను. ఆవిడ ఆ లెక్క ఎప్పుడో వేసుకున్నట్టుంది. కీబోర్డు మారిస్తే పుస్తకం పూర్తికాదు, పుస్తకం క్యారొలిన్‌ది అవుతుంది. మార్చకపోతే చెయ్యి బాగుపడదు, పుస్తకం అప్పుడూ క్యారొలిన్‌దే.

నా అప్లికేషన్ ప్రింటు వచ్చింది. అక్క దాన్ని నాకివ్వకుండా, సొరుగు అడుగునుంచి ఒక నోట్‌బుక్ తీసింది. అట్ట మీద ప్లాస్టిక్ కవరు, మూలలకి టేపు. వాళ్లమ్మ చేతిరాత. ఇరవై రెండేళ్లలో ఆ నోట్‌బుక్ షాపు దాటి వెళ్లింది ఒక్క లంబాలైన్‌కే. దాన్ని గోధుమపిండి సంచిలో చుట్టి, రబ్బరుబ్యాండు వేసి, నా ముందు పెట్టింది.

"బాంబూఫ్లాట్‌లో దిగి ఇది క్యారొలిన్‌కి ఇవ్వు. హిందీ అక్షరాల పేజీలు దానివి, తెలుగు పేజీలు నావని చెప్పు. నా స్పీడు సగమైతే నా పనీ సగమే కదా. పాటలు ఫోన్‌తో ఫోటోలు తీసుకుని నోట్‌బుక్ నీకే ఇవ్వమను. పాస్టర్ గారికి రేపు నేనే చెప్తా."

మరి ఆఖరి పేజీలో పేరు అన్నాను.

"రెండూ వేస్తా. నాది పైన."

నేను సంచి చంకలో పెట్టుకుని లేచాను. అక్క గుమ్మం దాకా వచ్చింది. బజార్లో ఇటూ అటూ చూసి, అంతసేపట్లో మొదటిసారి గొంతు తగ్గించింది.

"దాని పళ్లెం ముక్కలు ఇస్తే సోమవారం ఉదయం తీసుకురా. పైన తోటకూర కట్టలేవైనా వేసుకో, ఎవరికీ కనపడకూడదు. ఇంకోటి. ఇక్కడ ఎడం టీ గ్లాసు కోసం పెడుతుంది, అది సంచిలో సర్దకముందే వాళ్లింట్లో దాని టేబుల్ దగ్గరికి వెళ్లు. రెండు ముక్కల మధ్య ఎంత ఎడం పెట్టుకుందో, జానెడో బెత్తెడో, కొలిచి రా. దాన్ని అడక్కు. నువ్వే చూసి రా."