కంప్యూటరులో మా చెల్లె భుజాలు

పోయిన ఆదివారం మా చెల్లె బిడ్డ ఫోనును గోడకు ఆనించి నిలబెట్టి, దాని ముందు ఒంటికి అంటుకునే బనీను వేసుకొని మెల్లగా ఒక చుట్టు తిరిగింది. ఏ సైజు బ్రా సరిపోతుందో ఫోనే లెక్కగట్టి చెబుతుందట. మా కాలంలో వాటిని బాడీలనేవాళ్ళం, అదీ గొంతు తగ్గించి. పెళ్ళైన కొత్తలో అత్తగారో ఆడబిడ్డో కంటితో కొలిచి తెచ్చిన నంబరే, పిల్లలు పుట్టి ఒళ్లు ఎటు పోయినా, చివరిదాకా మన నంబరు. నా ఈడు ఆడవాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కర లేదు, పట్టీలు కోసిన గాట్లు మీ భుజాల మీదా ఉండే ఉంటాయి. ఆ పిల్ల అట్లా తిరుగుతుంటే నవ్వాల్సింది పోయి నాకు కడుపు మండింది.

మాది చౌటుప్పల్ దగ్గర మగ్గం నేసే ఇల్లు. బాపు పోయాక మగ్గం మూలకు పడింది. తెలంగాణ వచ్చిన కొత్తలో హైవే పక్కన లోదుస్తులు కుట్టే కంపెనీ ఒకటి పెడితే నేనూ చెల్లె ఇద్దరం అందులో మిషన్ల మీద చేరాం. చెల్లె మగడు అప్పటికే లారీ ప్రమాదంలో పోయాడు, బడికి పోయే పిల్ల ఉంది, ఆ కొలువు తప్ప దానికి వేరే ఆధారం లేదు.

కొన్నాళ్ళకు పట్నం నుంచి కంప్యూటరు చదువు చదివిన ఒక అమ్మాయి వచ్చింది. ఇన్నాళ్ళూ మేము కుట్టినవన్నీ పరాయి దేశపు కొలతలట, ఇక మన ఆడవాళ్ళ ఒంటికి తగ్గట్టు చేద్దామంది. మనిషిని కెమెరాల నడుమ నిలబెడితే ఆ ఒళ్లంతా కంప్యూటరులో బొమ్మై లేస్తుంది. గుడ్డ ముక్క కత్తిరించకుండానే ఆ బొమ్మకు బాడీ తొడిగి, నడిపించి, చేతులు ఎత్తించి చూస్తే, పట్టీ ఎక్కడ కోస్తుందో, ఎక్కడ వదులవుతుందో అక్కడ ఎర్రగా కనిపిస్తుంది. అందరి కొలతలూ చూసి, ఎక్కువమందికి దగ్గరగా ఉన్న ఒళ్లు దానిదేనని మా చెల్లెను ఎంచారు.

చెల్లె ఆ గదిలోకి పోయి నిలబడింది. ఎట్లా నిలబడిందంటే, మా ఇంట్లో ఆడవాళ్ళమందరం నిలబడినట్టే, భుజాలు ముందుకు ముడుచుకొని, ఎద లోపలికి పెట్టుకొని. మేము పెద్దమనుషులమైన నాటి నుంచి అవ్వ నూలు కండెలు చుడుతూనే, ‘రొమ్ము ఇరుసుకొని నడుస్తున్నవేందే, జర వంగు’ అని వెనకాల నుంచి అరుస్తూ ఉండేది. మగవాళ్ళు కూర్చున్న అరుగుల ముందు నుంచి నీళ్ళకు పోవాలంటే అట్లాగే పోవాలి, మంచి ఇంటి పిల్ల నడక అదే. మిషన్ల మీద కూర్చున్నవాళ్ళందరిదీ అదే తీరు కాబట్టి మాలో ఎవరికీ తేడా కనిపించలేదు. పట్నం అమ్మాయి అది మా ఎముక తీరే అనుకుంది.

ముడుచుకున్న ఆ బొమ్మ మీదే రోజుల తరబడి పట్టీలు జరిపి, కప్పులు మార్చి, ఎరుపంతా పోయేదాకా పనిచేశారు. తెర మీద బొమ్మ నడుస్తుంటే మేమందరం కొంగులు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వాం, చెల్లె ఒక్కతే ముఖం వెలిగిపోతూ చూసింది. మొదటి బాడీ కుట్టి దానికే ఇచ్చారు. సాయంత్రం బస్సులో నా చెవి దగ్గరికి వంగి, ‘అక్కా, ఏసుకున్నట్టే లేదే’ అంది. పొద్దంతా తొడుక్కున్నా భుజం మీద గాటు పడలేదు. మగడు పోయినాక దాని ముఖంలో అంత సంతోషం నేను చూడటం అదే మొదలు.

సరుకు పట్నం దుకాణాలకు పోయింది, పోయినంత వేగంగా తిరిగి వచ్చింది. అక్కడి అమ్మాయిలు నిటారుగా నడిచేవాళ్ళు. వాళ్ళకు పట్టీలు జారిపోతున్నాయట, ముందు భాగం ఒంటికి ఆనకుండా తేలిపోతోందట. మేనేజరు చెల్లెను మిషన్ మీద నుంచి లేపి, అందరి ముందూ, ‘నీ ఒళ్లే వంకరున్నదని ముందుగాల చెప్పొద్దా?’ అన్నాడు. ఒక ఆడదాన్ని పట్టుకొని అనే మాటేనా అది? పట్నం అమ్మాయి తల దించుకొని తన కెమెరాల గదిలోకి పోయింది, ఆమె ఉద్యోగం ఆమెకు ముఖ్యం. మరునాటి నుంచి చెల్లెను రావద్దన్నారు. ఆ తర్వాత ఆ అమ్మాయి కంప్యూటరులో బొమ్మ భుజాలను వెనక్కి లాగి, ఒక్క పూటలో సరిచేసింది. అట్లా చేసినవి బాగా అమ్ముడుపోయాయి, వాటిని నేనే కుట్టాను, తిట్టుకుంటూ కుట్టాను. చెల్లె మందుల కంపెనీలో ఊడ్చే పనికి కుదిరింది, అక్కడి ఘాటుకు దగ్గు పట్టుకుంది, ఇప్పటికీ వదలలేదు. ఆ మొదటి బాడీని మాత్రం కుట్లు ఊడితే మళ్ళీ కుట్టుకొని, పట్టీ సాగితే మార్చుకొని, బట్ట పలచబడి చినిగిపోయేదాకా తొడుక్కుంది. దాని ఒంటికి సరిపోయేట్టు ఈ లోకంలో తయారైంది అదొక్కటే.

ఆదివారం సంగతికి వస్తాను. పిల్లకు ఫోను చిటికెలో సైజు చెప్పింది. ‘పెద్దమ్మా, నువ్వు గూడ నిలవడు’ అని నన్ను లాక్కొచ్చింది. కొంగు నడుముకు చుట్టుకొని నిలబడ్డాను. ఫోనులో నుంచి ఒక ఆడగొంతు, ‘దయచేసి నిటారుగా నిలబడండి’ అంది. నిలబడ్డాననే అనుకున్నాను, అది మళ్ళీ అదే మాట అంది. ఎంత మర్యాదగా చెప్పిందో. అవ్వ చెప్పలేదు, అమ్మ చెప్పలేదు, అన్ని కెమెరాలు పెట్టిన ఆ గదిలో ఒక్క మనిషికీ చెప్పబుద్ధి కాలేదు; ఆ ఒక్క మాట ఎవరైనా అని ఉంటే మా చెల్లె కొలువు నిలిచేది. ఇప్పుడు ఎవరికి పడితే వాళ్ళకు ఫోను ఊరికే చెబుతోంది. ఈ కాలపు పిల్లలు నిటారుగా నడుస్తున్నారు, సంతోషమే, కాదనను. పిల్ల నా వెనక చేరి రెండు భుజాలూ పట్టి వెనక్కి లాగింది. మెడ దాకా సలిపింది.

గడపలో కూర్చుని చూస్తున్న చెల్లె దగ్గు ఆపుకొని, ‘ఇడువు బిడ్డా, అయి ఇగ ఎనక్కి రావు’ అంది.