ఆమె వంతు

మా ఇంట్లో లెక్కలు ఆమెవి, అక్షరాలు నావి. ఆమె ఎమ్మెస్సీ మేథ్స్. పెళ్ళయ్యాక నా వెనకే కువైట్ వచ్చింది. డిగ్రీ మాత్రం సూట్‌కేసు అడుగున, చీరల కింద, మడత నలగకుండా ఉండిపోయింది. నేను అర్దియాలో కార్ల విడిభాగాల గోడౌన్‌లో స్టోర్‌కీపర్ని. వచ్చినవి కూడడం, పోయినవి తీసెయ్యడం, అంతవరకే నా గణితం. ఆ రెండోది అంత కష్టమని అప్పటికి నాకు తెలియదు.

ఇంటర్నెట్ కార్డు గీకి, టెలిఫోను లైను చేత కూతలు పెట్టించి లోపలికి వెళ్ళాల్సిన రోజులవి. లెక్కల్లో సాయం అడిగేవాళ్ళూ, చేసేవాళ్ళూ, ఊరికే మంచి లెక్క రుచి చూడడానికి వచ్చేవాళ్ళూ కలుసుకునే సైటొకటి ఆమెకి దొరికింది. అందులో రాసేదంతా ఇంగ్లీషు. ఆమెకి టైపు రాదు. నేనేమో కాకినాడలో టైపు హయ్యర్ పాసైనవాణ్ణి. అంచేత ఇద్దరికీ కలిపి ఒకే ఖాతా, ఒకే మారుపేరు. ఆమె వంటింట్లో పోపు వేస్తూ చెప్పేది, నేను హాల్లో కూర్చుని కొట్టేవాణ్ణి.

“ఏవండీ, ‘అందుచేత’ అని కొట్టేశారా?”

“కొట్టేశాను.”

“ఆగండాగండి. ఎందుచేతో నేనింకా చెప్పందే!”

అక్కడివాళ్ళు మా మారుపేరుని గురువుగారన్నంత గౌరవంగా పిలిచేవారు. పిలుపు ఆమెది, వెలిగే మొహం నాది.

శుక్రవారాలు జహ్రా నుంచి ఒక కడప తమ్ముడు భోజనానికి వచ్చేవాడు. అక్కడ ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టేవాడు.

“ఏంది వదినా, మీరిద్దురూ లెక్క చేస్తాండారా, కొట్లాడతాండారా?”

“రెండూ ఒకటేలే తమ్ముడూ, కూర్చో. మీ అన్నయ్యకీ నాకూ గసాభా ఒకటి.”

“అదేం రోగం వదినా?”

“రోగం కాదయ్యా, గరిష్ఠ సామాన్య భాజకం. బళ్ళో చెప్పలేదా? ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటేనని.”

“ఏంది ఆ ఒగటి?”

“ఈ పిచ్చి,” అని కంప్యూటరు వైపు గరిటె చూపించింది.

ఆ సైటులో గొలుసు అని ఒక ఆట ఉండేది. లెక్క విప్పినవాళ్ళు తర్వాతి లెక్క ఇవ్వాలి. ఎవరైనా జవాబు రాస్తే, లెక్క ఇచ్చిన మనిషే చూసి ‘సరైనదే’ అనాలి. ఆ మాట అనేదాకా వంతు వాళ్ళదే. జవాబు ఒప్పని లోకమంతటికీ తెలిసినా సరే, ఇంకెవరూ ఆ మాట అనకూడదు. ఎవరూ చూడని చోట కూడా జనం ఇంత మర్యాదగా ఉంటారా అని నేను ఆశ్చర్యపోయేవాణ్ణి.

ఒకసారి ఆమె లెక్క విప్పింది. వంతు ఆమెకి వచ్చింది. ఆ వారమే జ్వరమని ఆసుపత్రికి తీసుకెళితే, ఇది జ్వరం కాదన్నారు. ఏమిటో వాళ్ళు తేల్చుకునేసరికే బాగా ఆలస్యమైపోయింది.

ఆసుపత్రి మంచం మీంచి ఆమె నేలని చూస్తూ పడుకునేది. అన్నీ చదరపు పలకలు.

“ఏవండీ, మన వంతుకి లెక్క దొరికింది. ఈ గదికి పొడవునా కొన్ని పలకలు, వెడల్పునా కొన్ని. ఈ మూల నించి ఎదుటి మూలకి తిన్నగా గీత గీస్తే, అది ఎన్ని పలకల మీంచి పోతుంది? ఈ గదికే కాదు, ఏ గదికైనా చెప్పాలి.”

“జవాబెంత?”

“అప్పుడే జవాబేంటండీ! రేపు చెబుతాను. ఈలోగా మీరూ కాస్త బుర్ర గోక్కోండి. ఎప్పుడూ టైపేనా?”

రేపు వచ్చింది. ఆమె లేదు.

ఊరికి ఒకే విమానంలో వెళ్ళాం, ఆమె కింద, నేను పైన. ఎప్పుడూ కిటికీ సీటు కోసం నాతో తగువుపడే మనిషి, ఆసారి అడక్కుండానే నాకు వదిలేసింది. కార్యాలు ముగించుకుని తిరిగొచ్చాక ఆమె ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, రద్దు చేయించడానికి వెళ్ళాను. గుమాస్తా ముద్ర కొట్టి కాగితం నావైపు తోసి, “ఖలాస్” అన్నాడు. అతని తప్పేం లేదు. పని అయిపోతే అందరూ అనే మాటే.

సైటు తెరిస్తే గొలుసు ఆగిపోయి ఉంది. ‘గురువుగారూ, మీ వంతు. తొందరేం లేదు’ అని ఎవరో రాశారు. నేను పలకల లెక్క కొట్టి పెట్టాను. వంటింట్లోంచి ‘ఆగండాగండి’ అని ఎవరూ అనలేదు. మర్నాటికల్లా ఒకరు విప్పేశారు: పొడవులో పలకలూ వెడల్పులో పలకలూ కూడి, ఆ రెండు సంఖ్యల గసాభా తీసెయ్యాలి.

గసాభా అన్న ఆ మాట మళ్ళీ మళ్ళీ చదివాను. తర్వాత ఆమె కుట్టుమిషను దారం తీసి, మా హాలు నేల మీద ఈ మూల నుంచి ఆ మూలకి లాగి కట్టాను. మోకాళ్ళ మీద పాకుతూ దారం కింది పలకలు లెక్కపెట్టాను. దారం నాలుగు పలకలు కలిసే చోటు మీంచి పోయినప్పుడల్లా రెండు గీతల్ని ఒక్కసారే దాటుతోంది. ఉమ్మడిది తీసెయ్యడం అందుకే. జవాబు ఒప్పే.

కానీ ‘సరైనదే’ అని రాయలేదు. రాస్తే వంతు చెయ్యి మారిపోతుంది. రాయనంతకాలం వంతు ఆమెదే.

నా మౌనాన్ని వాళ్ళు పాండిత్యం అనుకున్నారు. ‘గురువుగారు ఒప్పుకోలేదంటే ఎక్కడో మెలిక ఉండే ఉంటుంది’ అన్నారొకరు. విప్పినాయన తన జవాబుని తానే అనుమానించి మళ్ళీ మొదట్నుంచి రాశాడు. ఇంకొకరు నేలని వదిలి, పలకల బదులు పెట్టెలు పేర్చి గదంతా నింపి, గీతని పైకప్పు మూలకి లాగేశారు. అందరూ ఒప్పు జవాబులో తప్పు వెతుకుతున్నారు.

శుక్రవారం నేనే వండాను. కడప తమ్ముడు మారుమాట్లాడకుండా తిన్నాడు. నా చారు తిని ఊరుకున్నాడంటే ఎంత జాలిపడ్డాడో! నేల మీద దారం చూసి ఏమిటన్నాడు. అంతా చెప్పాను.

“అయితే ఆయన చేసింది సరిపోయిందా అన్నా?”

“సరిపోయింది.”

“మరి చెప్పకపోతే ఎట్లన్నా? నా మొదటి కఫీల్, ఆ వీసా ఇచ్చిన సేటు, గుర్తుండాడా? ఇంకోచోట పనికి పోతానంటే రిలీజ్ కాయితం ఇయ్యలా. ఇయ్యననీ అన్లా. రేపు రా, ఎల్లుండి రా అని తిప్పినాడు. కాదంటే ఏడ్చి ఊరుకుందును గదా!” అని కంచంలో వేలితో గీతలు గీశాడు. “వదిన ఎవుర్నీ అట్ల నిలబెట్టే మనిషి కాదన్నా. అన్నం ఉడక్కముందే కూచోమనేది.”

లేచి, కార్డు గీకి, లైను కూతలన్నీ విన్నాను. ‘సరైనదే. క్షమించండి, ఆలస్యమైంది. ఇక మీ వంతు’ అని కొట్టాను. ఎందుకు ఆలస్యమైందో కొట్టలేదు. అది ఆమె ఇంకా చెప్పలేదు.

అటునుంచి సంతోషం వెల్లువెత్తింది. విప్పినాయన కొత్త లెక్క ఎప్పట్నుంచో సిద్ధంగా పెట్టుకున్నట్టున్నాడు, మేము టీ తాగేలోపే వచ్చేసింది. ఏదో వృత్తం, దాని లోపల త్రిభుజం. నేను అలవాటు కొద్దీ గట్టిగా చదివాను, వంటింట్లోకి వినపడేలా.

తమ్ముడు గ్లాసు కింద పెట్టి చుట్టూ చూశాడు. “నాకా అన్నా?”

“నీకు కాదులే.”

“ఫర్వాలేదు, చదువన్నా,” అన్నాడు. “మళ్ళా ఒకసారి చదువు.”