పోలండ్ 'నో'

ఆ వయసులో నాకు తెలియని సంగతి ఒక్కటే ఉండేది: నాకేమీ తెలియదన్న సంగతి. తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెప్పడానికి కొత్తగా చేరాను. 'నో' అనే మాట (మన లిపిలో ఒక్క అక్షరం) నన్ను ముంచుతుందని ఎలా అనుకుంటాను?

కొల్లేటి పక్షుల్ని చూడటానికి పోలండ్ నుంచి ఒక పెద్దావిడ వస్తే, ట్రావెల్స్ నడిపే స్నేహితుడు నన్ను దుబాసీగా తోడు పంపాడు. ఆవిడ ఇంగ్లీషు అంతంతమాత్రం. నాది కాస్త మెరుగు. గర్వం మాత్రం దండిగా. మధ్యాహ్నం కొల్లేటి గట్టున ఉన్న మా పెద్దమ్మ ఇంటికి భోజనానికి తీసుకెళ్ళాను. మొదటి ముద్దలు అయ్యాక పెద్దమ్మ కొర్రమీను పులుసు గరిటెతో వంగి, "ఇంకొంచెం వెయ్యనాండీ?" అంది. నేను తర్జుమా చేశాను. ఆవిడ నవ్వుతూ, "నో, నో" అంది.

"వద్దంటున్నారు పెద్దమ్మా."

"మొహమాటంరా. వద్దంటే మనం మానేస్తామా?"

"వాళ్ళకి వద్దంటే వద్దే. బలవంతం చేస్తే మర్యాద కాదు" అని గరిటె ఆపేశాను. అన్నానికీ అంతే, పెరుగుకీ అంతే. ఆవిడ ఖాళీ విస్తరి వంక చూస్తూ కూర్చుంది. పెద్దమ్మ గిన్నె మీద మూత పెట్టేసి, "నా చేతి వంట కాదన్నవాళ్ళు ఇంతవరకూ లేర్రా" అని చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. విదేశీయుల నాలుకే వేరని నేను ఓదార్చాను కూడా.

తిరుగు దారిలో గుండుగొలను దగ్గర ఆవిడ కారు ఆపించి, హోటల్లో ఇడ్లీల మీద పడింది. ఇంకో ప్లేటు కావాలా అని సర్వరు సైగ చేస్తే మళ్ళీ "నో, నో" అంది. అతనికి ఇంగ్లీషు రాదు కనుక ప్లేటు పెట్టేశాడు. ఆవిడ సంతోషంగా లాగించింది. అప్పుడడిగాను. వాళ్ళ భాషలో 'నో' అంటే 'ఆఁ, అలాగే' అనట. (ఆకలి వేళ ఎవరికైనా సొంత భాషే కదండీ నోటికొచ్చేది.) వెంటనే కారు వెనక్కి తిప్పించాను. పెద్దమ్మ నన్ను వాకిట్లో కూర్చోబెట్టి, తర్జుమా లేకుండా ఆవిడకి కడుపునిండా వడ్డించింది.

తరవాత ఆ మాట వెంటపడ్డాను. ఇంగ్లీషు 'నో'లో 'ఎన్నటికీ కాదు' అనే పాత మాటలు అతుక్కుని ఉన్నాయట. పోలండ్ 'నో' 'ఇప్పుడు' అనే మాటకి దూరపు చుట్టమట. పోర్చుగీసు రాతలో 'నో' అంటే మన 'లో'. గ్రీకువాళ్ళు 'నే' అన్నారంటే అవునన్నట్టే. ఇన్ని తెలుసుకున్నా, ఊళ్ళో నాకు 'నో మాస్టారు' అన్న పేరు తప్పలేదు. ఆ కథ ఎరగని చుట్టం కనిపిస్తే పెద్దమ్మ వదలదు.

మొన్న గణపవరంలో ఒక బారసాల భోజనాల దగ్గర, అందరూ వింటుండగా అడిగింది. "ఇప్పటికైనా ఒప్పుకో, ఆ రోజు తప్పు నీదే కదా?"

"నో, పెద్దమ్మా" అన్నాను, నెరిసిన తల వంచి, ఎంతో వినయంగా.

"అది ఏ 'నో'రా?"

నేను పులుసు కలుపుకోవడంలో పడ్డాను.