మా తమ్ముణ్ణి మిలిటరీవాళ్లు పట్టుకున్న రోజు

మొన్న హిందూపురం బస్టాండులో మిరపకాయ బజ్జీలు కొంటే, చుట్టిచ్చిన పేపరుముక్కలో ఒక ఫొటో. ముందర తలకాయలు వంచుకున్న కోళ్ల దొంగలు, వెనక వరసగా పోలీసులు. బజ్జీ నోట్లో పెట్టుకుని ఒక్కదాన్నే నవ్వుకుంటాంటే పక్కనున్నామె నన్ను అదోలా చూసింది. ఇట్లాంటి ఫొటో మా ఇంట్లో చేసిన రచ్చ ఆమెకేం తెలుసు!

మా తమ్ముడు ఢిల్లీలో సర్కారు ఆఫీసరు. వాణ్ణి ఏడాది చదువుకని విదేశంలో ఒక మిలిటరీ కాలేజీకి పంపించినారు. దేశదేశాల సైనికాధికారులూ, మావాడిలాంటి యూనిఫారం లేని ఆఫీసర్లూ కలిసి కూర్చుని చదివే చోటు అది. పోయిన కొత్తలో ఒక ఫొటో పంపినాడు. చుట్టూ పతకాలు పెట్టుకున్న ఎత్తైన మనుషులు, నడుమ తెల్లచొక్కాతో చేతులు కట్టుకుని మావాడు. చెన్నేకొత్తపల్లిలో మా అవ్వకు సంబరంగా చూపించినా. అవ్వకు చదువు రాదు, పేపర్లో బొమ్మలు మాత్రం ఒకటీ వదలదు. యూనిఫారాల మధ్య మామూలు చొక్కాతో నిలబడినోడంటే ఆమె లెక్కలో దొరికిపోయినోడే.

"ఏం జేసినాడే? యాడ పట్టుకున్నారు?" అని గుండెమీద చెయ్యేసుకుంది.

"సదువుకుంటాండాడవ్వా."

"తల నెరిసి, ఇద్దరు బిడ్డల తండ్రి ఇప్పుడు సదివేదేంది? నాకాడ దాస్తాండావు నువ్వు."

అంతే, సంగటి తట్ట పక్కకు తోసేసింది. చక్కెర జబ్బు మనిషి, మాత్ర అప్పటికే మింగేసింది, తినకుంటే కళ్లు తిరిగి పడిపోతుంది. ఎంత బతిమాలినా గోడకు తిరిగి పడుకుంది. చక్కెర నీళ్లు నోట్లో పోస్తే సగం ఊసేసింది. నాకు భయమూ కోపమూ రెండూ. తమ్ముడికి ఫోన్ చేస్తే ఎత్తడు, క్లాసులోకి ఫోన్లు తీసుకుపోనియ్యరంట. పెనుకొండ ఆసుపత్రికి ఆటో మాట్లాడదామని చెప్పులేసుకుంటాంటే వాడే వీడియో కాల్ చేసినాడు. వాని వెనకాల ఒక మీసాల ఆఫీసరు కనపడగానే అవ్వ లేచి కూర్చుని చేతులు జోడించింది.

"అయ్యా, మావోడు మంచోడు. ఇడిసిపెట్టు నాయనా!"

తమ్ముడు బిత్తరపోయి నన్ను అడిగితే సంగతి చెప్పినా. వాడు ఆ ఆఫీసరుకు చెప్పినాడు. అతను నవ్వలేదు. టోపీ తీసి, ఫోన్ దగ్గరికి వంగి ఏదో అన్నాడు. తమ్ముడు తెలుగులో చెప్పినాడు.

"పరీక్షలకు నాకు పాఠం చెప్పేది మీవాడే అవ్వా, ఇడిసిపెడితే నేను ఫెయిలైపోతా అంటాండాడు."

అవ్వ ఆ మొహాన్ని కాసేపు ఎగాదిగా చూసింది.

"అట్లయితే ఉండనీలే, పాపం."

అబ్బా, అప్పుడు పడింది నా ప్రాణం కుదుట! చల్లారిన సంగటే చెనిక్కాయలు నూరిన ఊరిబిండితో తట్ట ఊడ్చి తినింది. చెయ్యి కడుక్కుంటా, "ఇంగెన్నాళ్లంట ఆ సదువు?" అని అడిగింది. ఏడాది అని చెప్పినా. "ఏడాదెంతలే, ఇట్టే అయిపోతాది" అనేసింది. ఒక్క పగలు గడపలేక గోడకు తిరిగి పడుకున్న మనిషికి, వాడు బాగుండాడని తెలిసేసరికి ఏడాది కూడా చిటికెడైపోయింది.