సీసాలో పుట్టిన అరటి

ఆరేళ్లుగా ఒక్క వాక్యం నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. అందులో అబద్ధం లేదు, అదే నా బాధ. అబద్ధమైతే ఎప్పుడో తప్పయిపోయిందని చెంపలు వేసుకునేవాణ్ని. నిజం చెప్పి ఒక మనిషి నోటి దగ్గర కూడు పడగొట్టినవాడు ఏమని ఒప్పుకోవాలి? మీకు నేనెవరో తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

రాజోలు దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో బోటనీ చెప్పేవాణ్ని. ఆమె నా స్టూడెంటు, మా ఊరి పిల్లే. అసలు పేరు వద్దు, సుశీల అనుకోండి. క్లోనింగ్ గొర్రె వార్త పేపర్లో వచ్చిన రోజున, పుస్తకమైనా తిరగేయకుండా క్లాసులో రెచ్చిపోయాను. జన్యువులు మార్చేసి కొత్త గొర్రెను తయారుచేశారర్రా అన్నాను. సుశీల లేచి, మార్చలేదు కదండీ సార్, ఉన్నదాన్ని ఉన్నట్టే ఇంకోటి తీశారు, మన అరటి పిలకలాగ అంది. క్లాసంతా గొల్లున నవ్వింది. పిల్ల చెప్పింది అక్షరాలా కరెక్టు. శభాష్ అని నేనూ నవ్వేశాను. ఇంటికెళ్లాక మాత్రం అన్నం సహించలేదు.

డిగ్రీ అయ్యాక సుశీల ఊరికి తిరిగొచ్చి, తండ్రి ఇంటి పక్కన ఆకుపచ్చ నెట్ కట్టి, టిష్యూకల్చర్ అరటి మొక్కలు అమ్మడం మొదలుపెట్టింది. రోగం లేని అరటి పిలకను ఎంచి, దాని మొవ్వులోంచి చిన్న ముక్క కోసి, ల్యాబులో సీసాల్లో పెంచుతారు. ఆ ఒక్క ముక్క నుంచి వందల మొక్కలు. జన్యువుల జోలికి పోరు. అన్నీ అచ్చం ఆ తల్లి మొక్కలాంటివే. మన రైతులు తాతల నాటి నుంచి పిలకలు తవ్వి నాటుతున్నదీ అదే పని. కాకపోతే దాన్ని క్లోనింగ్ అంటారని వాళ్లకెవరూ చెప్పలేదు.

చెప్పాల్సినవాణ్ని నేనే.

అప్పుడే పత్తి విత్తనంలో వేరే జీవి జన్యువు పెట్టారని పేపర్ల నిండా గొడవ. టీకొట్ల దగ్గర సీసా మొక్క, జన్యువు మార్చిన విత్తనం, అన్నీ ఒకే గాటన కట్టేశారు. ఒకరోజు పొద్దున్నే మా పక్కతోట సూరిబాబుగారు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఆ చుట్టుపక్కల రైతులకు ఆయన మాటే మాట.

“మాస్టారూ, సుశీల మొక్కలు కూడా జన్యువులు మార్చినవేనంటారా? తొలి గెల మురమళ్ళ గుళ్లో స్వామికి ఇచ్చుకుంటాం కదండీ. పురుగుదో పుట్రదో కలిసిందైతే ఎలాగండీ?”

కాదండీ, మీ పిలక ఎంతో అదీ అంతే అనాలి. ఎంతసేపు పడుతుంది ఆ మాటకి? నేను అన్నది ఇది.

“జన్యువు మార్చిన మొక్కను పెంచేది కూడా అలాంటి సీసాలోనే సూరిబాబుగారూ.”

“ఆయ్! అదీ సంగతి. చదువుకున్నవారు, మంచిమాట చెప్పేరు,” అంటూ కాఫీ సగంలో వదిలేసి లేచారు.

నిజమే. ఒక కణంలో కొత్త జన్యువు చొప్పించాక, దాన్ని మొక్కగా చెయ్యాలంటే ఈ సీసాల పద్ధతే కావాలి. కానీ సీసాలో పెరిగిందల్లా జన్యువు మారినది కాదు. మాంసం వండాలన్నా పొయ్యి కావాలి, పాలు కాచాలన్నా పొయ్యే కావాలి. పొయ్యిని చూపించి పాలలో మాంసముందని నమ్మించినవాణ్ని నేను.

ఎందుకు? ఆనాటి క్లాసులో నవ్వినందుకా? అంతేనా? ఇంకోటుంది. రాయకూడదనుకున్నాను, రాసేస్తాను. సుశీల తండ్రి సూరిబాబుగారి తోటలో పిలకలు తవ్విన కూలీ. ఆ ఇంటి గుమ్మం ముందు మా రైతులు నిలబడి, “రెండొందల మొక్కలు కావాలమ్మా” అని అడగడం చూశాను. అది నాకు కూడా గుచ్చుకుందా? చర్చికి వెళ్లే ఆ కుటుంబాన్ని చూసి, చదువుకుని బాగుపడ్డారని పదిమందిలో మెచ్చుకున్న నాకు? గుచ్చుకుంది. ఛీ, ఎంత నీచం!

వారంలో బేరాలు ఆగిపోయాయి. సుశీల నా దగ్గరకే వచ్చింది. “సార్, నేను చెబితే నమ్మట్లేదండీ. మీరొక్క మాట చెబితే వింటారు,” అంది. చూద్దాంలే అమ్మా అన్నాను. నేనే చెప్పానని ఆమెకు తెలుసో లేదో, ఇప్పటికీ తెలియదు. సంచుల్లో మొక్కలు ముదిరిపోయి, వేళ్లు కిందనుంచి బయటికి వచ్చేశాయి. ఊరు విడిచి వెళ్లిపోయే ముందు ఒక మొక్క తెచ్చి మా నూతి పక్కన తనే నాటింది. “రోగం లేనిదండీ, ఇదొక్కటన్నా బతుకుతుంది,” అంది. ఎక్కడో స్కూల్లో టీచరుగా చేరిందట. నెట్ వాళ్ల నాన్న విప్పేశాడు.

మొక్క బతికింది. గెల వేసింది. సూరిబాబుగారు గోడ మీంచి చూసి, “ఏం గెలండీ బాబూ! రెండు పిలకలు ఇప్పించండి,” అన్నారు. నేనే తవ్వి ఇచ్చాను. ఆ మొక్క ఎక్కడిదని ఆయన అడగలేదు. రెండు నాలుగై, నాలుగు పదై, ఇవాళ ఆయన తోట సగం అవే. తొలి గెల మురమళ్ళ వెళ్లింది. ప్రసాదమంటూ అందులోంచి ఒక పండు తెచ్చి నా చేతిలో పెట్టారు. కళ్లకద్దుకుని తిన్నాను.

చెప్పేద్దామని నిన్న కూడా ఆయన గేటు దాకా వెళ్లి, వానలు ఎప్పుడు పడతాయో మాట్లాడి వచ్చేశాను.

ఆ తోటలో ఉన్నవి సుశీల మొక్కలే. ఒక్క జన్యువు కూడా మారలేదు. ఈ ఊళ్లో ఆ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఇప్పుడు మీకూ తెలుసు.