జర్మనీ రబ్బరు

యాన్బు సనాయ్యాలో పనిముట్టు మంచిదో చెడ్డదో చెవితో తేలుస్తారు. సనాయ్యా అంటే ఈ సౌదీ ఊరి చివర మెకానిక్కులు, వెల్డర్లు, పెయింటర్లు కిక్కిరిసిన షెడ్ల బస్తీ. అక్కడ టీ కొట్టు దాకా మోత వినిపించే మిషన్ పట్టుకున్నవాడు పనిమంతుడు. నీళ్ల బకెట్ ముందు కూర్చుని కాగితంతో చప్పుడు లేకుండా రుద్దేవాడు కాలక్షేపం చేస్తున్నవాడు. నేను ఆ రెండో రకం. రంగు వేసిన బండి భాగాలను నీళ్లతో సాన పట్టి, పాలిష్ చేసి మెరిపించడం నా పని. మా షెడ్డులో మాత్రం నన్ను నీళ్లలో ఆడుకునేవాడనే అనుకునేవారు.

రంగు మీద కొట్టిన క్లియర్ కోటు, అంటే రంగులేని పై పూత, ఆరాక దగ్గరగా చూస్తే నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా ఉంటుంది. మధ్యలో దుమ్ము కణాలు ఇరుక్కుని ఉంటాయి, సౌదీలో దుమ్ముకు కొదవా. నానబెట్టిన సన్న గరుకు కాగితంతో వాటన్నిటినీ చదును చెయ్యాలి. ఉత్త వేళ్లతో రుద్దితే వేళ్ల అచ్చులు పడతాయి. కర్ర దిమ్మ పెడితే వంపు తిరిగిన చోట మాట వినదు. మెట్‌పల్లిలో నేను పని నేర్చుకున్న షెడ్డులో అందరం హవాయి చెప్పు వాడేవాళ్లం. కొత్త చెప్పునే కొయ్యాలి, తొడిగిన చెప్పు మడమ దగ్గర పల్లం పడి ఉంటుంది. అరచేతికి సరిపోయేటట్టు ముక్క కోసి దానికి కాగితం చుట్టుకుంటే, వంగాల్సిన చోట వంగుతుంది, వంగకూడని చోట వంగదు. నేను విమానం ఎక్కినప్పుడు పెట్టెలో మామిడికాయ తొక్కుతో పాటు అలాంటి ముక్క ఒకటి తెచ్చుకున్నాను. ఇక్కడి అధికారులు తొక్కును అనుమానించారు గానీ చెప్పు ముక్కను వదిలేశారు.

మా మేనేజర్ హైదరాబాదీ. బీకాం చదివాడు, చెయ్యి తడుపుకోకుండానే ఈ పనిలో ఆరితేరాడు. ఫోన్‌లో పాలిష్ వీడియోలు చూసి, పొద్దున వచ్చి మాకు పాఠాలు చెప్పేవాడు. నా చేతిలోది చెప్పు ముక్క అని తెలిసిన రోజు మాత్రం ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇక్కడ ఎవరికైనా చెప్పు అడుగు చూపించడమే పెద్ద అవమానం. మాకు వీసా ఇచ్చిన యజమాని కఫీల్. ఆ కఫీల్ బండి మొహానికి చెప్పు పెట్టి రుద్దుతున్నామని తెలిస్తే మా గతి ఏమిటో ఆయన ఊహించుకున్నాడు.

"భాయ్, ఇది చెప్పు అని ఎవ్వరికి చెప్పకు. రబ్బర్ అను. స్పెషల్ రబ్బర్."

సరేనన్నాను. నాకు దాని పేరుతో పని లేదు.

ఆ ఏడాది నాకు కావలసింది ఒక్కటే, ఊరికి పోయే సెలవు, చుట్టీ. ఊళ్లో నా భార్యకు నెలలు నిండుతున్నాయి. మొదటి కొడుకు పుట్టినప్పుడు నేను జిజాన్‌లో వేరే కఫీల్ దగ్గర ఉన్నాను. వాణ్ని మొదటిసారి చూసేసరికి వాడు పరుగెత్తుతున్నాడు. నన్ను చూసి పరుగెత్తింది మటుకు వాళ్లమ్మ కొంగు చాటుకు. ఈసారి కాన్పుకు ఆసుపత్రి వరండాలో ఉంటానని నా భార్యకు మాట ఇచ్చాను. ఆమె నమ్మింది. నా మాట నమ్మడం ఆమెకు ఎన్నాళ్లయినా పోని అలవాటు.

ఊరికి పోవాలంటే కఫీల్ తన ఫోన్‌లో ఎగ్జిట్ రీఎంట్రీ, అంటే పోయి రావడానికి అనుమతి, నొక్కాలి. ఈమధ్య రూల్స్ మారాయని, మనిషి తనంతట తాను పెట్టుకోవచ్చని అంటారు. ఆ రూల్స్ సనాయ్యా మలుపు దాకా వచ్చి, దుమ్ముకు భయపడి వెనక్కి పోయినట్టున్నాయి. దానికి తోడు మా షెడ్డులో పాలిష్ వాళ్లం ఇద్దరమే, ఒకడు పోతే ఒకడు ఉండాలి. రెండోవాడు మా పక్క మండలంవాడు. గల్ఫ్‌లో పక్క మండలంవాడు దొరికితే చుట్టరికం అడగకుండానే బావ అయిపోతాడు. బావ కూడా చుట్టీ అడిగాడు. ఊళ్లో వాళ్ల తమ్ముడు కొత్త ట్రాక్టర్ తెచ్చాడట, దాని మీద ఇంకా కూర్చోలేదట. నా కాన్పూ ఆయన ట్రాక్టరూ మేనేజర్ ముందు ఒకే త్రాసులో నిలబడ్డాయి.

సరిగ్గా అప్పుడే కఫీల్ జీపు వచ్చింది. నల్లది. కళ్లు తెరిస్తే దుమ్ము పడే దేశంలో నల్ల బండి మీద మోజు పడాలంటే, దాన్ని కడిగేవాడు వేరే ఉండాలి. ఎడారి గాలి దాని బానెట్‌ను మాకంటే ముందే సాన పట్టేసింది. పెయింటర్ బానెట్‌కూ వెనక డోర్‌కూ కొత్త రంగు కొట్టి, విప్పి మా ముందు పెట్టాడు. మేనేజర్‌కు అందులో న్యాయం చేసే అవకాశం కనిపించింది.

"నీకు బానెట్, ఆయనకు డోర్. ఎవరి పని ఫస్ట్ క్లాస్ ఉంటదో వాళ్లకు ఫస్ట్ చుట్టీ. ఓకే?"

న్యాయం సంపూర్ణంగా ఉండాలని కొత్త సామాను కూడా తెప్పించి, పెళ్లిలో సారె పరిచినట్టు బల్ల మీద పరిచాడు. బరువైన పెద్ద మిషన్ ఒకటి, దానికి గొర్రెబొచ్చు బిళ్ల. తిరుగుతూనే అటూ ఇటూ ఊగే చిన్న మిషన్ ఒకటి. పసుపు, నారింజ, నలుపు స్పాంజి బిళ్లలు. నీలం దిమ్మలు. నంబర్లు వేసిన కాగితాల కట్టలు.

"టూల్ సెలెక్షన్ అంటే సైన్స్ భాయ్. ఇదంత జర్మన్ టెక్నాలజీ," అన్నాడు. పెట్టె అడుగున చైనా అని రాసి ఉంది. పైకప్పు చూస్తూ మాట్లాడే మనిషికి పెట్టె అడుగు ఎలా కనిపిస్తుంది.

మేనేజర్ మాట పూర్తి కాకముందే బావ పెద్ద మిషన్ మీద చెయ్యి వేశాడు. స్విచ్ నొక్కితే పక్క షెడ్డులోని పాకిస్తానీ డెంటర్ సుత్తె ఆపి తొంగి చూశాడు. బావకు అంతకంటే ఏం కావాలి. నేను చిన్న మిషన్, రెండు మెత్తటి స్పాంజి బిళ్లలు, రెండు రకాల కాగితం తీసుకున్నాను. దిమ్మ బదులు నా చెప్పు ముక్క నా దగ్గరే ఉంది. ఒక టేపు చుట్ట కూడా అడిగాను. అంచుల దగ్గర రంగు నిలవదు, పలచగా ఉంటుంది. అక్కడ టేపు వేసి కాపాడుకోవాలి, లేకపోతే మిషన్ ఒక్క క్షణంలో తినేస్తుంది.

"టేపు ఎందుకు బావా, చెయ్యి వణుకుతాందా?" అన్నాడు బావ.

"నాది వణుకుతలేదు. నీది చూసుకో."

"నువ్వు గా చెప్పు ముక్కతోని రుద్దుకుంట కూసుంటె పిల్లలు పుట్టి బడికి గూడ పోతరు. మిషిన్ పెడితె ఛాయ్ తాగేంతల అయిపోతది."

షెడ్డు పైకప్పు మీది ట్యాంకులో నీళ్లు వేసవిలో అన్నం వండుకునేంత వేడిగా ఉంటాయి. వేడి నీళ్లు పోస్తే కొత్త రంగు మెత్తబడుతుంది. అందుకని ముందుగానే బకెట్ నింపి నీడలో పెట్టి, చల్లారాక రెండు చుక్కల సబ్బు కలిపాను. కాగితాలు నాననిచ్చి బానెట్ ముందు కూర్చున్నాను. రుద్దడం, రబ్బరు పట్టీతో నీళ్లు లాగడం, వంగి చూడడం, మళ్లీ రుద్దడం. గుంట ఉన్న చోట ఇంకా మెరుస్తూ ఉంటుంది, ఆ మెరుపు చావాలి. చచ్చింది. బానెట్ మొత్తం బూడిద పూసినట్టు వెలిసిపోయింది. అప్పుడే మేనేజర్ లోపలికి వచ్చి తల పట్టుకున్నాడు.

"ఖరాబ్ చేసినవ్ కదా భాయ్. మెరిసేదాన్ని మాడగొట్టినవ్."

ఆయన చూసిన వీడియోల్లో ఈ ముక్క దాటించేసి ఉంటారు. చెప్పినా వినడు గనక చెప్పలేదు. చిన్న మిషన్‌కు స్పాంజి పెట్టి, పాలిష్ మందు రాసి, తొందర పడకుండా తిప్పాను. సాయంత్రానికి బానెట్‌లో షెడ్డు రేకులు, రేకుల మేకులతో సహా కనిపించాయి. నాకు గర్వం కలగలేదని చెబితే అబద్ధం. ఆ మేకుల పక్కన ఆసుపత్రి వరండా కూడా కనిపించింది.

బావ పని ఊరేగింపులా సాగింది. మిషన్ మోతకు టీ కొట్టు నుంచి జనం గ్లాసులతో సహా వచ్చారు. మేనేజర్ వీడియో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. పాలిష్ మందు చిమ్మి గోడ మీద పడింది, బావ గడ్డం మీద పడింది, డోర్ మీద కూడా కొంత పడింది. తర్వాత మాడు వాసన వచ్చింది. మిషన్ ఆపి చూస్తే, డోర్ అంచున బొటనవేలంత వెడల్పున నలుపు పోయి, అడుగున ఉన్న బూడిద రంగు ప్రైమర్ నవ్వుతోంది.

"లైటు తప్పు బావా. రంగు ఉన్నది," అన్నాడు.

కఫీల్ మర్నాడు వచ్చాడు. మంచివాడు, చెడ్డ మాట అనడు, అడిగినవాడికి ఖర్జూరం పెడతాడు, అందుకే ఆయన చెప్పినదాన్ని కాదనడం ఇంకా కష్టం. బానెట్ మీదికి వంగి తల గుడ్డ సర్దుకున్నాడు, మీసం చూసుకున్నాడు, పళ్లు కూడా చూసుకున్నాడు. ఇంత నున్నగా దేనితో చేశారని అడిగాడు. మేనేజర్ నా వైపు చూడకుండా నా చేతిలోని ముక్క లాక్కుని రెండు చేతులతో అందించాడు.

"జర్మనీ రబ్బర్, సార్."

"అల్మానియా?" అన్నాడు కఫీల్ భక్తిగా. దాన్ని వంచి చూశాడు, నొక్కి చూశాడు, చెంపకు ఆనించి మెత్తదనం చూశాడు. నేను నేల చూపులు చూశాను. బావ దగ్గు తెచ్చుకుని బయటికి పోయాడు.

తర్వాత కఫీల్ డోర్ దగ్గరికి వచ్చాడు. మాడిన అంచు మీద వేలు పెట్టి బావను పిలిచాడు. బావ పని అయిపోయిందని అందరం అనుకున్నాం. కఫీల్ మాత్రం ఆయన కళ్లలోకి జాలిగా చూసి, "హాదా నఫర్ తాబాన్," అన్నాడు. ఈ మనిషి అలిసిపోయాడు, ఊరికి పోక ఎన్నాళ్లయింది, వెంటనే పంపండి, ఇంటి తిండి తిని వస్తే చూపు కుదురుతుంది అని మేనేజర్‌కు చెప్పి, అక్కడే నిలబడి ఫోన్ తీసి నొక్కాడు. బావ కళ్ల నిండా నీళ్లు. సగం కృతజ్ఞత, సగం ట్రాక్టర్.

అప్పుడు కఫీల్ నా భుజం మీద చెయ్యి వేశాడు. ఇలాంటి చెయ్యిని ఎవరైనా వదులుకుంటారా అన్నాడు. అల్ ఖర్జ్‌లో వాళ్ల అన్నకు పాల డెయిరీ ఉంది, ఆయన బండ్లన్నీ యాన్బు వస్తాయట, అన్నీ నేనే చెయ్యాలట. చుట్టీ సంగతి రంజాన్ తర్వాత. నా చేతిలో ఖర్జూరాలు పెట్టి వెళ్లిపోయాడు.

"సాబ్, మీరన్న మాట?" అని అడిగాను మేనేజర్‌ను.

"నువ్వే గెలిచినవ్ కదా భాయ్. గెలిచినోణ్ని ఎవడన్న పంపిస్తడా?"

నాకు కోపం వచ్చింది. కోపం తీర్చుకోవడానికి చేతిలో ఖర్జూరాలు తప్ప ఏమీ లేవు.

నా భార్యకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను.

"పని మంచిగ చేసినవా?" అని అడిగింది.

"మంచిగనే చేసిన."

"గట్లయితె నువ్వేడ వస్తవు," అని ఫోన్ పెట్టేసింది.

బిడ్డ పుట్టిన రోజు నేను డెయిరీ అన్నగారి జీపు డోర్ ముందు కూర్చుని ఉన్నాను. వీడియో కాల్ వచ్చింది. తడి వేళ్లతో ఎంత జరిపినా ఫోన్ తెరుచుకోలేదు. వేళ్లు తుడుచుకునేసరికి ఆగిపోయింది. మళ్లీ కలిపితే తెర మీద ముందు కనిపించింది బావ మొహం. ఆసుపత్రి వరండాలో నిలబడి ఉన్నాడు, నేను నిలబడతానని చెప్పిన చోట. గుడ్డలో చుట్టిన నా కూతురు ఆయన చేతుల్లో ఉంది. చుట్టరికం అబద్ధమే గానీ మనిషి సాయానికి వచ్చాడు. కోప్పడదామంటే అందుకు కూడా వీలు లేకుండా చేశాడు.

చుట్టీ అయ్యాక బావ ఒళ్లు చేసి తిరిగి వచ్చాడు. నా భార్య పంపిన సకినాలు ఇచ్చాడు. తర్వాత పెట్టె అడుగు నుంచి కొత్త హవాయి చెప్పుల జత తీశాడు, నీలం పట్టీలవి. జర్మనీ రబ్బరు ఇంకో రెండు కావాలని కఫీల్ అడిగాడట, తెమ్మని మేనేజర్ ఊళ్లో ఉన్న బావకు ఫోన్ చేసి చెప్పాడట. ఆ చెప్పులు నా పక్కన పెట్టి, బావ రెండు చేతులు చాపి చూపించాడు.

"ఇంతుంటది బావా నీ బిడ్డ. ఎత్తుకునేటప్పుడు మెడ కింద అరచెయ్యి పెట్టాలె, గిట్ల. బరువు మొత్తం చేతికి ఇయ్యాలె. ఒత్తి పట్టొద్దు."

డోర్ అంచున రంగు నిలుపలేని మనిషి, నా కూతుర్ని ఎలా పట్టుకోవాలో నాకు నేర్పుతున్నాడు. నేను ఆయన చేతుల మధ్య ఖాళీని చూస్తూ, నా అరచెయ్యి కూడా అలాగే పెట్టి చూశాను.

ఆ వారంలోనే రంజాన్ వెళ్లిపోయింది. చుట్టీ మాట ఎవరూ ఎత్తలేదు. డెయిరీ అన్నగారి ఇంకో బానెట్ వచ్చింది. అదీ నల్లదే. మేనేజర్ బావ తెచ్చిన ఆ కొత్త చెప్పులు, ఒక బ్లేడు నా ముందు పెట్టాడు.

"కోసుకో భాయ్. కొత్త జర్మనీ రబ్బర్."

నేను చెప్పులు కాళ్లకు వేసుకున్నాను. సరిపోయాయి. పెద్ద మిషన్ ఇమ్మన్నాను.

"నీకు అది నచ్చదు కదా?"

"ఈ మధ్య చెయ్యి తాబాన్ ఉంటాంది సాబ్."

స్విచ్ నొక్కాను. మోతకు టీ కొట్టులో తలలు ఇటు తిరిగాయి. మేనేజర్ సంతోషంగా ఫోన్ తీసి వీడియో పెట్టాడు. అంచుకు నేను టేపు వెయ్యలేదు.